చక్రం మీద నిలబడ్డ బావమర్ది

నేను మా బావమర్దిని ఓర్వలేకపోయిన. ముందే చెప్పేస్తున్న. మధ్యల చెప్తే మీరు నన్ను మంచోడనుకుంట సగం దూరం వస్తరు, అటెన్క తిట్టుకుంటరు, ఎందుకొచ్చిన లొల్లి. వాడు మా ఆవిడకు ఒక్కడే తమ్ముడు, నాకంటె ఎనిమిదేండ్లు చిన్న. మంచి మనిషి. గదే నా బాధ. చెడ్డోడైతే నా కడుపుమంటకు ఒక సాకన్న దొరుకుతుండె, నలుగురిట్ల కూసొని చెప్పుకుంటుంటి.

తొంభైల నడిమిట్ల ముచ్చట ఇది. నేను పటాన్‌చెరుల పంపులు చేసే ఒక చిన్న ఫ్యాక్టరీల స్టోర్స్ చూస్తుంటి. సోమవారం సంది శనివారం దాక నట్లు, బోల్టులు, గాస్కెట్లు. ఆదివారం మాత్రం విమానం నడుపుతుంటి. నవ్వకుండ్రి, నిజమే. కాలేజీల ఉన్నప్పుడు ఎన్‌సీసీ ఎయిర్ వింగుల చేరి నడుపుడు నేర్చుకున్న, చిన్న లైసెన్సు తెచ్చుకున్న. పెద్ద లైసెన్సు కావాలంటె గాలిల ఇంకా శానా గంటలు గడపాలె. ఆ గంటల కోసమే ఒక క్లబ్బుల చేరిన. సంగారెడ్డి అవతల, హత్నూర తొవ్వకు జెర లోపటికి, ఒక సేఠు తన భూమిల మట్టి రన్‌వే ఏయించిండు. క్లబ్బుకున్నది ఒకటే విమానం. నాలుగు సీట్లది, రెక్క నెత్తి మీద ఉంటది. పారాచూట్లు కట్టుకున్నోళ్లను పైకి తీస్కపోయి విడిచిపెట్టి, ఖాళీ బండి కిందికి తెచ్చుడు నా పని.

దునికేటోళ్లు ఎక్కాలంటె ముందుగాల కుడిదిక్కు డోర్ పీకాలె. మూసి ఉన్న డోర్ గాలిల తెరుస్తే అది రెక్కకు కొట్టుకుంటది, మనిషి బయటికి పోలేడు. అందుకని పొద్దుగాల్నే రెండు కీళ్ల పిన్నులు కొట్టి, పట్టీ బోల్టు విప్పి, డోర్ తీస్కపోయి షెడ్డుల పాత బొంత మీద పండవెడ్తుంటి. తర్వాత సీట్లు. నా సీటొక్కటి ఉంచి తక్కినయన్ని బయటికే. సీటు బెల్టులు ముడేసి కట్టెయ్యాలె. ఒకనాడు మరిస్తే బెల్టు బయట వేలాడి రేకుకు టపటప కొట్టుకుంది, ఇంజనే పగుల్తుందేమో అని నా పానం అరచేతిలకొచ్చింది.

డోర్ లేకుంట ఎగురుడంటె మాటలు చెప్తే తెల్వది. నా కుడి మోచేతికి రెండడుగుల అవతల ఏం లేదు. కింద పొలాలు, షెడ్లు, రోడ్డు మీద లారీలు, అంతా అట్లనే నోరు తెరుచుకొని కనవడ్తది. గాలి చెంపల మీద కొడ్తది. కెమికల్ ఫ్యాక్టరీల వాసన పైకి గూడ వస్తది, కండ్లు మూసుకున్నా పటాన్‌చెరు ఎటు దిక్కుందో చెప్తుంటి. షురూ షురూల నా మ్యాపు ఎగిరి బయటవడ్డది. మూడు రోజులకు ఒక రైతు దాన్ని మడతవెట్టుకొని క్లబ్బుకొచ్చిండు. "సారూ, గిది మా మక్కచేన్ల వడ్డది. గీతలు గీసి నంబర్లేసిన్రు. మా భూములు గుంజుకుంటరా ఏంది?" అని ఒకటే పరేషాన్. అప్పట్ల ఫ్యాక్టరీలకు భూములు పోతున్న కాలం గద, ఆయన భయం ఆయనది. చాయ్ తాపి, నచ్చజెప్పి పంపించినం.

ఇగ మా బావమర్ది సంగతి. వాడు బీరంగూడ పక్కన పెద్ద సర్కారు ఫ్యాక్టరీల ఫిట్టర్. మా ఇల్లు, అత్తగారిల్లు ఒకటే గల్లీల ఎదురెదురు. చర్చికి పోయొచ్చినంక వానికి ఆదివారం పనేం లేకుంటుండె, "బావా, నేను గూడ వస్త" అని నా స్కూటర్ వెనుక ఎక్కిండు. నేనే తోల్కపోయిన. ఎవ్వరు తెచ్చిపెట్టలేదు నాకీ బాధ, నా స్కూటర్ మీద నేనే తెచ్చుకున్న. మొదటినాడే వాడు ఆ డోర్ పిన్నులు చూసి, "జరుగు బావా, ఇది గట్ల కాదు" అని నేను పావుగంట కొట్టే పిన్నును రెండు దెబ్బలల్ల ఊడదీసిండు. దునుకుడు నేర్పే సారు, ఫౌజుల చేసి రిటైరైన మనిషి, "అరె వాహ్" అన్నడు. నా పనికి ఎన్నడన్న అన్నడా? లేదు.

ఇంకో ముచ్చట గూడ చెప్పాలె. సిగ్గైతున్నా చెప్పాలె. నేను ఎన్నడు దునుకలేదు. ఒకసారి సారు, "నువ్వు గూడ ఒక్కసారి దునుకు, పైలట్‌కు దాని సంగతి తెల్వాలె" అన్నడు. మూడు ఆదివారాలు నేర్చుకున్న. కిందవడుడు, దొర్లుడు, కాళ్లు జోడించుడు, అన్నీ. తోడుగ ఉంటదని బావమర్దిని గూడ నేర్చుకొమ్మన్న. ఆనాడు వేరే పైలట్ నడిపిండు. నా పారాచూట్ తాడు ఫ్లోర్ మీద రింగుకు తగిలించిండ్రు. దునుకంగనే తాడు గుంజుకొని పారాచూట్ దానంతటదే తెరుచుకుంటది, మనం చేసేదేం ఉండది. నేను పోయి ఆ డోర్ లేని తావుల కూసున్న, కాళ్లు బయటికి వేలాడేసిన. సారు భుజం మీద తట్టిండు. నా కాళ్లు నా మాట వినలే. ఇంకోసారి తట్టిండు. నా రెండు చేతులు పైలట్ సీటు కింద కడ్డీని పట్టుకొని ఇడుస్తలేవు. అప్పుడు వెనుక కెల్లి వీడు, "బావా, జెర జరుగుతవా?" అన్నడు, బస్సుల సీటు అడిగినట్టు. నేను జరిగిన. వాడు పోయిండు.

కిందికొచ్చినంక నేను నోరు తెరవకముందే వాడే అందరికి చెప్పిండు, "బావకు కడుపుల నొప్పి లేసిందప్పా, లేకుంటే ఆయనే ముందు దునుకుతుండె" అని. నా కోసమే అబద్ధమాడిండు. ఒళ్లు మండిపోయింది నాకు. నా పరువు వాడు కాపాడుడేంది? వాని కండ్ల ముంగట పోయిన పరువును వాడే తెచ్చిస్తే నేనెట్ల తీసుకోవాలె?

ఇగ ఆ దినం సంది వాడు ఆగలే. ఏడాది తిరిగేటాళ్లకు తాడు లేకుంట దునికి, మధ్యల తానే పారాచూట్ తెరిచేటంత అయ్యిండు. వాడు చేసేదల్ల పడిపోవుడే గద! భూమి గుంజుతది, వీడు పడ్తడు. దానికి ఏం చదువు కావాలె? పరీక్షలు రాసినోన్ని నేను, మబ్బు చూసి గాలి చెప్పేటోన్ని నేను. గల్లీలకు వస్తే మాత్రం పోరగాండ్లందరు వాని వెంట. వాని ఫ్యాక్టరీల శాలువ కప్పిన్రు. ఆ ఫొటో అత్తగారింట్ల గోడకెక్కింది, దాని కింద ప్లాస్టిక్ పూలు. ఆ ఫొటోల విమానం గూడ ఉంది, మూలకు, సగం రెక్క. ఆ సగం రెక్క కింద నేనున్న. మీకు కనవడ్తలేనా? ఎవ్వరికి కనవడలే.

మా అత్తమ్మ ప్రార్థన మరీ అన్యాయం. ఆదివారం పొద్దుగాల మేమిద్దరం బయలెల్లేటప్పుడు నిలవెట్టి నెత్తిన చెయ్యి పెట్టేది. కొడుకు నెత్తిన. "ప్రభువా, నా బిడ్డ పైకెల్లి దునుకుతుండు, నీ దూతల చేతుల్ల పెట్టి దింపు. వాని కాళ్లకు రాయి తగలనియ్యకు. ఆ ఇమానాన్ని గూడ సల్లగ సూడు" అని. విమానాన్ని గూడ! నడిపేటోడు ఒకడుంటడని దేవునికి తెల్వదా, ఆమెకు యాదికి రాదా? నేను పక్కనే చేతులు కట్టుకొని ఆమేన్ అంటుంటి. ఒకనాడు మా ఆవిడతోని అన్న, "మీ అమ్మకు ఇంజన్ మీదున్న ప్రేమ అల్లుని మీద లేదు" అని. ఆమె పడి పడి నవ్వింది. "నువ్వు లోపట కూసుంటవు గదా, నీకేమైతది?" అన్నది.

నాకేమైతదో, నేనేం చేస్తనో చెప్పబోతే అదింకా నవ్వులాటయింది. మా దాంట్ల దునికేటోడు ఎట్ల పోతడంటె, డోర్ లేని తావుల కెల్లి బయటికి పోయి, నెత్తి మీది రెక్కకు ఆసరగ ఉండే ఏటవాలు కడ్డీని రెండు చేతుల పట్టుకొని, కాళ్లు కింద చక్రం మీద పెట్టి నిలవడ్తడు. ఇంత చక్రం, గాలిల వేలాడుతుంటది. అది తిరిగిందనుకో, కాళ్ల కింద కెల్లి నేల గుంజినట్టే. అందుకని వాడు చక్రం మీద ఉన్నంతసేపు నేను బ్రేక్ తొక్కి పట్టాలె. కుడి పెడల్ పై అంచున కాలివేళ్లతోని. సారు మొదటిరోజే చెప్పిండు, "పైర్ మత్ హిలానా." పాదం కదపకు, అంతే. ఆ నాలుగైదు క్షణాలు ఒక మనిషి బరువంతా నా పాదం మీదుంటది. ఇదంతా నేను అన్నం కాడ చెప్పిన. మా ఆవిడ ముద్ద నోట్ల పెట్టుకోబోయి ఆగి, "గాలిల బ్రేకేసుడేంది, ఎవరన్న అడ్డమొస్తరా?" అన్నది. బావమర్ది ఒక్కడే నవ్వలే. "నిజమే అక్కా, బావ బ్రేక్ తొక్కకుంటె నా పని ఖతమే" అన్నడు. అయినా గూడ ఆమె నవ్వింది.

వీటన్నిటి మీదికెల్లి నా బిడ్డ. అప్పుడు దానికి ఆరేండ్లు. బళ్లె టీచరు మీ ఇంట్ల ఎవరేం పని చేస్తరని అడిగిందంట. అది లేచి, "మా మామ ఎగురుతడు. మా డాడీ బండి నడుపుతడు" అన్నదంట. మా ఆవిడ ఇది గల్లీ అంతా తిరిగి ముచ్చటగ చెప్పింది. నేను గూడ నవ్విన. ఆ రాత్రి అన్నం దిగలే. మందీ మార్బలం నాకొద్దు. శాలువలు నాకొద్దు. ఆ పిల్ల ఒక్కసారి నన్ను చూసి "మా డాడీ" అనాలె, గంతే. గా ఒక్కటి కావాలె నాకు. ఇంకేం అడగలే నేను.

ఆ చలికాలంల ఒక ఆదివారం చర్చోళ్లందరు చూడనీకి వస్తమన్నరు. ఆరాధన అయిపోంగనే బస్సు మాట్లాడుకొని, పులిహోర గిన్నెలు పెట్టుకొని వచ్చిన్రు. ముందుదినమే నేను బిడ్డను ఒళ్లె కూసోవెట్టుకొని చెప్పిన, "రేపు నేను అందర్ని దింపి ఖాళీ విమానం తోని కిందికొస్త. మీ నెత్తుల మీదికెల్లి పోయేటప్పుడు రెక్కలు ఇట్ల ఇట్ల ఊపుత. అది నీకే. నీకొక్కదానికే. నువ్వు చెయ్యి ఊపాలె, సరేనా?" అది నా మీసం పట్టుకొని గుంజి, "సరే డాడీ" అన్నది.

మొదటి ట్రిప్పు ముగ్గురు కొత్త పోరగాండ్లు, వాళ్లెంబడి సారు. పోరగాండ్లు ఒక్కొక్కడే పోయిండ్రు, ఆఖర్న సారు గూడ దునికిండు. నేను ఇంజన్ తగ్గించుకొని గిర్రున తిరిగి కిందికొచ్చిన. రన్‌వే పక్కన జనం కనవడ్డరు. ఎర్ర గౌను. అదే నా బిడ్డ. సీదా వాళ్ల మీదికెల్లి పోయిన, రెక్కలు ఊపిన. ఒకసారి గాదు, మూడుసార్లు ఊపిన. అందరి నెత్తులు వేరే దిక్కున్నయ్. పారాచూట్లు దిగుతున్న దిక్కు. ఎర్ర గౌను వీపు కనవడ్డది నాకు, రెండు జడలు కనవడ్డయ్. వాళ్ల మామ దాన్ని భుజం మీద ఎక్కించుకొని పారాచూట్లు చూపిస్తుండు. నా రెక్కలు ఊపుడు చూసింది ఒక కుక్క. మొరుగుకుంట నా నీడ వెంట ఉరికింది.

రెండో ట్రిప్పుకు వాడొక్కడే. అందర్ల ఆఖర్న, అందరు చూడాలెనని, సారే అట్ల పెట్టిండు. వాడు ఎక్కుతుంటె నా బిడ్డ ఉరికొచ్చి వాని కాలు చుట్టుకుంది, "మామా, ఫస్ట్ నా దగ్గరికే రావాలె" అని. నా దిక్కు చూసి, "డాడీ, మామను మంచిగ తీస్కపో" అన్నది. సరే అన్న. నోట్ల మాట ఒకటి, కడుపుల మంట ఒకటి.

పైకి పోతున్నంతసేపు వాడు డోర్ లేని తావుల కాళ్లు బయటేసి కూసున్నడు, మా ఇంటి అరుగు మీద కూసున్నట్టు. నాలుగు వేల అడుగులు. కింద పెద్ద రోడ్డు సన్నగ, సంగారెడ్డి దిక్కు ఇండ్లు తెల్లగ. వాడు నా దిక్కు ఒరిగి చెవుల అరిచిండు, "బావా, నువ్వు జెర మెల్లగ దిగు. నేను ముందుగాల దిగి బిడ్డతోని ఫొటో దిగుత!" పరాచికమే. బావా బావమర్దులం, ఎప్పటికి ఆడుకునే పరాచికమే. వేరే దినమైతే నేను గూడ ఒకటి అంటించేటోన్ని.

తావు వచ్చింది. ఇంజన్ తగ్గించిన. వాడు కడ్డీ పట్టుకొని బయటికి పోయి, రెండు కాళ్లు చక్రం మీద పెట్టి నిలవడ్డడు. నేను బ్రేక్ తొక్కి పట్టిన. వాడు లోపటికి తొంగి చూసి, పండ్లన్ని బయటవెట్టి, నాకు కన్నుకొట్టిండు.

నా కుడి పాదం లేసింది.

తిమ్మిరెక్కిందని చెప్పొచ్చు. బూటు జారిందని చెప్పొచ్చు. శానా ఏండ్లు నాకు నేను అట్లనే చెప్పుకున్న. తిమ్మిరి గాదు. వాడు చావాలె అనుకోలే, దేవుని తోడు, గంత పాపం తలవలే. ఒక్కసారి వాని మొఖం మీద ఆ నవ్వు పోవాలె అనుకున్న. నా లెక్క వాడు గూడ ఒక్కసారి కడ్డీని గట్టిగ పట్టుకోవాలె అనుకున్న. పాదం లేసింది, చక్రం తిరిగింది, వాని రెండు కాళ్లు ఒక్కసారే పోయినయ్. మోకాలి కింది ముడుసు పోయి చక్రం పైనున్న మెట్టు అంచుకు తాకిన సప్పుడు ఇంజన్ మోతల గూడ నాకు వినవడ్డది. ఒక్క చేతి మీద వేలాడిండు. గా చెయ్యి గూడ జారింది. వెల్లకిల, అడ్డదిడ్డంగ, తిరుక్కుంట పోయిండు.

విమానాన్ని కుడిదిక్కు ఒంపి కిందికి చూసిన, ఏం కనవడలే. చేన్లు, చేన్లు, చేన్లు. అత్తమ్మ మొఖం యాదికొచ్చింది, మా ఆవిడ మొఖం యాదికొచ్చింది. "ప్రభువా ప్రభువా" అనుకుంట అరిచిన, డోర్ లేదు గద, నా అరుపు గాలిల కొట్టుకపోయింది. ఎంతసేపైందో చెప్పలేను. అప్పుడు కింద, శానా కింద, పసుపుపచ్చ గుడ్డ విచ్చుకున్నది. నాకు ఏడుపొచ్చింది. మీకు అబద్ధం చెప్ప. ఆ ఏడుపుల, అడుగున, ఎక్కడో ఒక మూలకు, "మళ్ల వీడే గెలిచిండు" అన్న మాట గూడ ఉండె.

నేను దిగేటాళ్లకు జనం వాన్ని ఎత్తుకొని తిప్పుతున్నరు. చక్రం మీదికెల్లి వాడు పల్టీలు కొట్టుకుంట పోయింది వాళ్లకు కొత్త విద్య లెక్క కనవడ్డదంట. ఇంతకుముందు ఎన్నడు గట్ల చెయ్యలేదని ఒకటే చప్పట్లు. ముడుసు చీరి ప్యాంటు నెత్తురైంది. "ఏమైంది కొడుకా" అని అత్తమ్మ కూలవడితే, "మంచు పడి చక్రం తడిగుండె అమ్మా, జారిన" అన్నడు. సారు ఒక్కడే నా దిక్కు చూసిండు. చూసి, బ్రేక్ ఒకసారి చెక్ చేయించమన్నడు. నా బిడ్డ వాని మెడ ఇడుస్తలేదు.

పులిహోర తిని అందరు బస్సెక్కినంక, డోర్ తిరిగి పెట్టుడు మిగిలింది. షెడ్డుల మేమిద్దరమే. వాడు కుంటుకుంట వచ్చి డోర్ ఎత్తి పట్టుకున్నడు, నేను పిన్ను పెడ్తున్న. పిన్ను రంధ్రంల పోతలేదు. వాడు నా చేతులకెల్లి పిన్ను తీసుకొని తానే పెట్టిండు.

"బావా, చక్రం మీద నిలవడితే నీ కాళ్లు సీదా కనవడ్తయ్" అన్నడు.

నేను వంగి రెండో పిన్ను తీసి వానికిచ్చిన.

"చూసిన నేను" అన్నడు. "ఎందుకు?"

"తిమ్మిరెక్కిందిరా" అన్న.

వాడు రెండో పిన్ను కొట్టిండు. డోర్ ఒకసారి తెరిచి మూసి చూసిండు. "అయితే అట్లనే అనుకుందాం తియ్యి. అక్కకు చెప్ప" అన్నడు. గంతే. వెనుక కూసొని నా స్కూటర్ మీదనే ఇంటికొచ్చిండు. తొవ్వంతా, గుంతలొచ్చినప్పుడల్ల, వాని చెయ్యి నా భుజం మీద పడ్తుండె.

ఆ వారం నేను మనిషిని గాను. స్టోర్స్‌ల ఒకటి అడిగితే ఒకటి ఇచ్చిన. సాయంత్రం ఇల్లు చేరంగనే ముందుగాల మా ఆవిడ మొఖం చూసేది, తెలిసిందా తెల్వలేదా అని. ఆమె తమ్మునికి పసుపు నూరి కట్టు కట్టి వచ్చి, "పైన గాలి మస్తుండెనట గదా, నీకు కష్టమైందంట, వాడే చెప్పిండు" అన్నది. నా గురించి మంచిగ చెప్పిండు! కొట్టినా బాగుండు. గల్లీల నిలవెట్టి చెప్పు తీసినా బాగుండు. కనీసం మాటలు బంద్ చేసినా, వాడు గూడ కోపమొచ్చే మనిషే అని జెర ఊపిరి తీసుకుంటుంటి. వాడు మూడోనాడు పచ్చిపులుసు గిన్నె పట్టుకొని మా ఇంటికొచ్చి, "అమ్మ పంపింది బావా" అన్నడు.

మళ్ల ఆదివారమొచ్చింది. నేను సారుతోని ఈసారి నడుపనన్న. బ్రేకులు చూసిన్రు, మంచిగున్నయ్, అయినా నాకు ఒంట్ల బాగలేదన్న. పట్నం కెల్లి వేరే పైలట్ గూడ వచ్చి కూసున్నడు. సారు తలకాయ ఊపిండు. అంతల వీడు, ముడుసుకు కట్టుతోని, పారాచూట్ బెల్టులు బిగించుకుంట వచ్చి, అందరి ముంగట అన్నడు, "బావ నడిపితేనే నేను దునుకుత. లేకుంటె ఇంటికి పోత." సారు నా దిక్కు చూసిండు. ఎక్కిన.

తావు వచ్చింది. ఇంజన్ తగ్గించిన. వాడు కడ్డీ పట్టుకొని బయటికి పోయిండు. ముందు మంచి కాలు పెట్టిండు, తర్వాత కట్టున్న కాలు. నేను రెండు పాదాలతోని బ్రేకులు తొక్కిన. పిక్కలు బిగుసుకపోయి నొప్పి లేస్తున్నా ఇడవలే. తొక్కుకుంట వాన్నే చూస్తున్న. ఇప్పుడు చూస్తడు, కిందికి, నా కాళ్ల దిక్కు. చూడకుంట ఎట్లుంటడు? ఎవడైనా చూస్తడు. నేనైతే చూస్తుంటి. వాడు ఒక్కసారి చూస్తే, వానికి గూడ భయముందని నాకు తెలుస్తుండె, మేమిద్దరం ఒక్కటే అయితుంటిమి. చూడురా, అని లోపల లోపల అడుక్కున్న గూడ.

వాడు నా మొఖం దిక్కు చూసిండు. "పోతున్న బావా" అన్నడు. గాలికి మాట వినరాలే, పెదవులు కనవడ్డయ్. చేతులు ఇడిసిండు.

ఒక్కసారి నా కాళ్ల దిక్కు చూస్తే వాని సొమ్మేం పోతుండె? చూడలే. గన్ని ఏండ్లయింది, నాకిప్పటికి వాని మీద గదే కోపం.